సంక్రాంతి కొలువు పేరంటం ఈ ఏడు మానేస్తే ఏమవుతుంది?

అటకమీది_పెట్టె (కూకట్‌పల్లి)
డిసెంబరు 7, రాత్రి 11:42

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ రాయడం తక్కువ. ఈసారి నలుగురి మాటా వినాలనిపించింది. పోస్టు కాస్త పెద్దది, ఏమీ అనుకోకండి.

మా అత్తగారి వైపు సంక్రాంతికి బొమ్మల కొలువు ఆనవాయితీ. వాళ్ళది కోనసీమ. ఊళ్ళో ఇల్లు అమ్మేశాక రెండు ట్రంకు పెట్టెల బొమ్మలు మా ఫ్లాటుకు చేరాయి, వాటి వెనకే కొలువు కూడా. భోగి పొద్దున్న మెట్లు కట్టి బొమ్మలు ఎక్కించడం, ఆ సాయంత్రం చుట్టుపక్కల పిల్లలకి భోగిపళ్ళు, పండగ రోజు సాయంత్రం పేరంటం, కనుమ రాత్రి హారతిచ్చి ఒక బొమ్మని పడుకోబెట్టడం, తరవాత తీరిగ్గా సర్దుకోవడం. ఇదీ వరస. తీరిగ్గా అన్నానే గానీ ఆ సర్దుడు పూర్తయ్యేసరికి శివరాత్రి వచ్చేస్తుంది.

మొదట్లో మా బ్లాకు వాళ్ళే వచ్చేవారు. ఇప్పుడు మూడు బ్లాకుల వాళ్ళూ వస్తున్నారు. పండక్కి వాళ్ళ చుట్టాలొస్తే వాళ్ళూ వస్తున్నారు. వచ్చినవాళ్ళని ఉత్తి చేతులతో పంపడమెందుకని ఒక ఏడు పులిహోర పెట్టాం. మరుసటేడు చక్రపొంగలి, గారెలు కూడా కలిశాయి. ఇప్పుడది భోజనం అయి కూర్చుంది. తాంబూలంలో మొదట జాకెట్టు ముక్క ఇచ్చేవాళ్ళం, తరవాత స్టీలు గిన్నె, ఆ తరవాత జర్మన్ సిల్వర్ కుంకుమ భరిణె. మొన్న శ్రావణమాసంలో మా కింది ఫ్లోరావిడ వరలక్ష్మీవ్రతానికి పట్టు బటువాలు పంచారు. "మరి మనం ఈసారి ఏం ఇద్దాం?" అని అడిగింది ఎవరనుకున్నారు, మా ఆయనే. పేరంటం రోజు ఆయన కింద పార్కింగులో ఫోను చూసుకుంటూ ఉంటారు.

నేను అమెరికా క్లయింటు అకౌంట్లు చూస్తాను. జనవరి మొదటి రెండు వారాలు ఇయర్ ఎండ్ క్లోజింగ్, సెలవు అడగడానికి కూడా ఉండదు. మావాడికి జనవరి ఆఖర్లో జేఈఈ మెయిన్స్. ఇంటి నిండా డెబ్భై ఎనభై మంది ఉంటే వాడు బాత్రూములో కూర్చుని చదవాలా?

అత్తగారితో అందామంటే ఆవిడది ఒకటే మాట. పెట్టే కొలువు ఆపకూడదు, ఇంటికి మంచిది కాదు. నాకు ఆ మాట మీద నమ్మకం ఉందనీ చెప్పలేను, లేదనీ చెప్పలేను. ఇవాళ గ్రూపులో ఎవరో "ఈసారి ఏం థీమ్ అండీ?" అని అడిగారు. అది చూసినప్పట్నించి టెన్షన్.

మానేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఏమని చెప్పారు?

చట్నీ_వీరుడు (బెంగళూరు)
డిసెంబరు 8, ఉదయం 7:05

మానేయండి మేడం. ఇందులో ఆలోచించడానికి ఏముంది? "ఈ ఏడు కుదరడం లేదు" అని గ్రూపులో ఒక మెసేజ్, చివర్లో దండం పెట్టే ఇమోజీ. అయిపోయింది.

పేరంటం_బ్యాచ్ (విజయవాడ)
డిసెంబరు 8, ఉదయం 7:31

@చట్నీ_వీరుడు బాబూ, మీ ఇంట్లో సత్యనారాయణ వ్రతం అయ్యాక పీటలు ఎత్తేది ఎవరో, గిన్నెలు తోమేది ఎవరో ముందు కనుక్కో. మెసేజ్ ఒక్కటే. ఆ తరవాత లిఫ్టులో ఎదురైన ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పుకోవాలి. "ఏమ్మా, ఒంట్లో బాలేదా? అత్తగారు బానే ఉన్నారా? మైల గానీ వచ్చిందా?" మానేసిన కారణం చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతుంది. దానికంటే పులిహోర కలపడమే నయం.

గోదారిగట్టు (రాజమహేంద్రవరం)
డిసెంబరు 8, ఉదయం 9:50

అమ్మాయ్, ముందు ఒక సంగతి విడదీసి చూడు. మీ అత్తగారు ఆపకూడదంటున్నది కొలువు. నీ నడుం విరగ్గొడుతున్నది పేరంటం. రెండూ ఒకటి కాదు.

నేను ఇన్నీసుపేటలో పుట్టి పెరిగాను. సంక్రాంతికి మా వీధిలో పది పన్నెండు ఇళ్ళలో కొలువులుండేవి. పిలుపులకి ఆడపిల్లల్ని పంపేవారు. పరికిణీలు కట్టుకుని, కుంకుమ భరిణె పట్టుకుని ఇద్దరిద్దరం వెళ్ళేవాళ్ళం. గుమ్మంలో నుంచుని బొట్టు పెట్టి "మా ఇంట్లో బొమ్మల కొలువు, మీరూ మీ పిల్లలూ పేరంటానికి రావాలి" అని గడగడా చెప్పి పక్కింటికి పరుగు. సాయంత్రం దీపాలు పెట్టాక ఆడవాళ్ళు బయల్దేరేవారు. ఒక్కో ఇంట్లో పావుగంట. కాళ్ళకి పసుపు, మెడకి గంధం, నుదుట బొట్టు. బొమ్మలు చూడటం, ఎవరో ఒకరు మంగళహారతి పాడటం. చేతిలో రెండు తమలపాకులు, వక్క, అరటిపండు, కొంగులో గుప్పెడు నానిన శనగలు. లేచి ఇంకో ఇంటికి. ఇల్లు చేరేసరికి కొంగు బరువెక్కేది. మర్నాడు వీధి వీధంతా శనగల తాలింపే. ఎవరింట్లోనూ మంచినీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకునేవాళ్ళం కాదు. తినడానికి తీరికేదీ, ఇంకా ఆరిళ్ళు తిరగాలి.

నీ పరిస్థితి ఏమైందో చూడు. ఆ పది కొలువులూ పోయి నీ ఇంట్లో ఒక్కటి మిగిలింది. పదిళ్ళకి తిరగాల్సిన జనం నీ ఒక్క హాల్లో దిగుతున్నారు. పావుగంట కూర్చునేవాళ్ళు రెండు గంటలు కూర్చుంటున్నారు. వచ్చేవాళ్ళందరూ వచ్చేవాళ్ళే, వాళ్ళింటికి నిన్ను పిలిచేవాళ్ళు ఎందరు? మీ అత్తగారి అత్తగారు ఎనభైమందికి పులిహోర కలిపి ఉండరు, కావాలంటే అడిగి చూడు.

పంచాంగం_చూశాక (తెనాలి)
డిసెంబరు 8, ఉదయం 10:40

పైన పిన్నిగారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. మా నాన్నగారు పౌరోహిత్యం చేసేవారు. ఆయన ఎప్పుడూ అనేది, కొలువు ఆచారం, వ్రతం కాదు అని. వ్రతానికి సంకల్పం ఉంటుంది, ఇన్నేళ్ళు చేయాలని లెక్క ఉంటుంది, చివర ఉద్యాపన ఉంటుంది. కొలువుకి అవేమీ లేవు. బేసి సంఖ్యలో మెట్లు, ఏటా ఒక కొత్త బొమ్మ, చివరి రాత్రి ఒక బొమ్మని పడుకోబెట్టడం, ఇవన్నీ ఇళ్ళల్లో నడుస్తూ వచ్చిన పద్ధతులు. ఇంటికో తీరుగా ఉంటాయి.

ఇంకోటి. ఇంట్లో పెద్దవాళ్ళు పోతే ఏడాదిపాటు పండగలు చేసుకోం కదా. ఆ ఏడు కొలువు ఉండదు. మళ్ళీ ఏడు మామూలే. 2021 సంక్రాంతికి కరోనా భయంతో ఎన్ని ఇళ్ళలో పేరంటాలు జరిగాయి? ఎప్పుడూ ఆపకూడదు అనే అందరి ఇళ్ళలోనూ కొలువు ఒకసారైనా ఆగే ఉంటుంది.

మీ అత్తగారికి అరిష్టం భయం ఉంటే అయిదు మెట్లు వద్దు, ఒక పీట మీద మూడు బొమ్మలు పెట్టి దీపం వెలిగించండి. కొలువు పెట్టినట్టే.

మానేరు_ఒడ్డు (కరీంనగర్)
డిసెంబరు 8, మధ్యాహ్నం 1:15

మా దిక్కు సంక్రాంతికి కొలువు కంటే నోములు ఎక్కువ. ఏదో ఒక వస్తువు పదమూడు తెచ్చి, నోముకు పెట్టి, పసుపు కుంకుమలతో పంచుతాం. మీరు చెప్పిన గిఫ్టుల పోటీ మా దగ్గర కూడా మొదలైంది. మా చిన్నప్పుడు దువ్వెనలు, అద్దాలు, గాజులు ఇచ్చేది. ఇప్పుడు క్యాస్రోలు, పూజ బుట్ట, హాట్‌బాక్స్. నోము పట్టినామె కన్నా దుకాణం ఆయనకు పుణ్యం ఎక్కువ వస్తుంది.

మేం తోడికోడళ్ళం నలుగురం వంతులు పెట్టుకున్నాం. ఒక ఏడు ఒకరి ఇంట్ల. మిగతా ముగ్గురు వంటకు, సామానుకు పైసలు కలుపుతాం. పెద్ద కోడలు నేనే కాబట్టి నా ఇంట్లనే కావాలని మా అత్త చాలా రోజులు పట్టుబట్టింది. నా మోకాలు ఆపరేషన్ అయినంక సప్పుడు లేదు. ఆపరేషన్ దాకా ఆగకండక్కా.

ఫ్రిస్కో_పిన్ని (డాలస్)
డిసెంబరు 8, మధ్యాహ్నం 2:02

మా దగ్గర వంతుల కథ వేరేలా నడిచింది. ఇక్కడ సంక్రాంతి వారం మధ్యలో వస్తే ఆ తరవాతి శనివారం పెట్టుకుంటాం. చాలా ఏళ్ళు మా ఇంట్లోనే. అలిసిపోయి, ఇక నుంచి ఒక్కొక్కరం ఒక్కో ఏడు చేద్దామన్నాను. అందరూ సరేనన్నారు. మొదటి వంతు వచ్చినావిడ బాంక్వెట్ హాలు తీసుకుని, అరిటాకుల బ్యాక్‌డ్రాప్, ఫోటోగ్రాఫరు, లైవ్ దోసెల కౌంటరు పెట్టారు. చాలా బాగా చేశారు, కాదనను. ఆ మరుసటేడు వంతు ఎవరూ ముట్టుకోలేదు. అంత చేయలేమని భయం.

కాబట్టి వంతులు పెట్టేటప్పుడే గీత గీయండి. ఇంట్లోనే, తాంబూలం శనగలు పండు మాత్రమే, ఎనిమిదిన్నరకి హారతి. మొదటి ఏడే ఇది చెప్పకపోతే తరవాత చెప్పలేరు.

అటకమీది_పెట్టె (కూకట్‌పల్లి)
డిసెంబరు 8, రాత్రి 10:55

ఆఫీసు నుంచి వచ్చి అన్నీ చదివాను. గోదారిగట్టు పిన్నిగారూ, మీరు చెప్పినట్టు అత్తగారిని అడిగాను. ఊళ్ళో పేరంటానికి ఏం పెట్టేవారని. "పెట్టడమేమిటే, శనగలు ఇచ్చేవాళ్ళం" అన్నారు. ఈ భోజనాలన్నీ హైదరాబాదులో నేను మొదలుపెట్టినవేనట!

పంచాంగం గారూ, మామగారు పోయిన ఏడు పెట్టలేదు. కరోనా ఏడు మూడు మెట్లే పెట్టి వీడియో కాల్‌లో చూపించాం. నిజం చెప్పాలంటే ఆ ఏడు కొలువు చూసుకుంటూ నేను కాసేపు కూర్చున్నాను. మిగతా ఏళ్ళలో ఫోటోల్లో తప్ప నేను కొలువు సరిగ్గా చూసింది లేదు.

రాయాలా వద్దా అనుకున్నది ఒకటుంది, రాసేస్తాను. మామగారు పోయాక మరుసటేడు కొలువు పెట్టమని అడిగింది అత్తగారే. మెట్లు ఆవిడే కట్టిస్తారు. ఏ బొమ్మ ఏ మెట్టు మీదో ఆవిడకే తెలుసు. దశావతారాల వరసలో నేను పరశురాముణ్ణి, రాముణ్ణి తారుమారు చేస్తే పక్క గదిలోంచి వచ్చి సర్దుతారు. కానీ సాయంత్రం పేరంటాళ్ళు వచ్చే వేళకి లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరకి వేసుకుంటారు. ఎవరూ వెళ్ళమనలేదు. అక్కణ్ణించే "ఆకులు తడిగుడ్డలో పెట్టావా", "గంధం గట్టిపడిందేమో చూడు" అని కేకేస్తుంటారు. బయట అందరూ "ఎంత బావుందో కొలువు" అని నాతో సెల్ఫీలు తీసుకుంటారు. అసలు కొలువు ఎవరిదో వాళ్ళలో సగం మందికి తెలీదు. చాకిరీ కంటే నాకు ఒళ్ళు మండేది అక్కడేనేమో.

పేరంటం_బ్యాచ్ (విజయవాడ)
డిసెంబరు 8, రాత్రి 11:20

అయితే ఈ ఏడు పెద్దావిణ్ణి ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టండి. తాంబూలం ఆవిడ చేత్తోనే ఇప్పించండి. ఎవరికి ఇష్టం లేకపోతే వాళ్ళు వెళ్ళిపోతారు.

మానేరు_ఒడ్డు (కరీంనగర్)
డిసెంబరు 9, ఉదయం 6:40

మేం మా పెద్దమ్మను నోము దగ్గర అట్లనే కూర్చోబెట్టినం. ఒకామె వాయినం తీసుకోకుండా లేచి వెళ్ళింది. వెళ్ళనిచ్చినం. మరుసటేడు ఆమే వచ్చి కూర్చుంది, ఎవరూ ఏం అడగలేదు.

గోదారిగట్టు (రాజమహేంద్రవరం)
డిసెంబరు 9, ఉదయం 8:30

తొందరపడకండమ్మా. నాది కూడా ఆ పరిస్థితే, అందుకని చెప్తున్నాను. మా వారు పోయి చాలా ఏళ్ళయింది. నేను పిలిచిన ఇంటికి వెళ్తాను. కొందరిళ్ళల్లో బొట్టు పెట్టబోయి చెయ్యి ఆగిపోతుంది, కంగారుగా పండు ఒక్కటి చేతిలో పెట్టి పక్కావిడ దగ్గరకి వెళ్ళిపోతారు. ఆ కంగారు చూడటం కంటే ఇంట్లో ఉండటమే హాయి అనిపించే రోజులున్నాయి. మీ అత్తగారు తలుపు ఎందుకు వేసుకుంటున్నారో నీకు తెలియదు. ఎనభై కళ్ళ ముందు ఆవిణ్ణి కూర్చోబెట్టి నువ్వు ధైర్యం చేశాననుకుంటే, ఆ రెండు గంటలు మోయాల్సింది ఆవిడ. ముందు ఒంటరిగా అడుగు. బొమ్మలు తుడిచేటప్పుడు అడుగు, అప్పుడు నోరు విప్పుతారు.

జనం తగ్గితే ఆవిడే బయటికి వస్తారేమో కూడా చూడు. తెలిసిన పదిమందిలో కూర్చోవడం వేరు.

బొమ్మల_డాక్టర్ (గుంటూరు)
డిసెంబరు 9, సాయంత్రం 5:10

ఇంతమంది ఇన్ని చెప్పారు, బొమ్మలు ఎలా ఉన్నాయని ఒక్కరూ అడగలేదు! పెట్టెల్లో ఏమున్నాయండీ?

అటకమీది_పెట్టె (కూకట్‌పల్లి)
డిసెంబరు 9, రాత్రి 10:15

@బొమ్మల_డాక్టర్ దశావతారాలు మట్టివి, పాతవి. పచారీ కొట్టు పెట్టుకుని కూర్చున్న శెట్టిగారు, శెట్టెమ్మ, వాళ్ళ ముందు చిట్టి చిట్టి గంపలు. గంపల్లో ఏటా నిజం బియ్యం, పెసలు పోయడం అత్తగారి ముచ్చట. కొండపల్లి అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు. ఏనుగుకి తొండం విరిగితే మామగారు అగ్గిపుల్ల పెట్టి అతికించారు, దగ్గర్నుంచి చూస్తే పుల్ల తల ఎర్రగా కనిపిస్తుంది. నా పెళ్ళికి అమ్మ ఇచ్చిన తిరుపతి ఎర్రచెక్క జంట. తరవాత మేం కొన్నవి ఏటికొప్పాక బొమ్మలు. మట్టి వాటికి రంగు పెచ్చులు లేస్తోంది. తడిగుడ్డతో తుడవచ్చా?

బొమ్మల_డాక్టర్ (గుంటూరు)
డిసెంబరు 9, రాత్రి 10:48

తడిగుడ్డ అసలు వద్దండీ! మట్టి బొమ్మ మీద రంగు లేచిందంటే కింద సున్నం పొర వదిలిందని అర్థం, తడి తగిలితే పెచ్చు పెచ్చంతా ఊడొస్తుంది. మెత్తటి పెయింట్ బ్రష్‌తో పొడిగా దులపండి చాలు.

కొండపల్లి బొమ్మలు తెల్ల పొణికి చెక్క. తేలిక, మెత్తన. చేతులు, కాళ్ళు, తొండం విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. నీళ్ళకి ముందు వదిలేది ఆ అతుకే. మీ ఏనుగు తొండం అలాగే ఊడి ఉంటుంది. అగ్గిపుల్ల తీయకండి, బావుంది.

ఏటికొప్పాకవి అంకుడు కర్ర మీద లక్క పూత. వీటికి శత్రువు వేడి. లక్క వేడికి మెత్తబడుతుంది, కాబట్టి దీపం పక్కన, వేడెక్కే లైట్ల పక్కన పెట్టకండి. 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన ఆంధ్ర శకటం ఈ బొమ్మలదే, చూసే ఉంటారు. ఏడాదికో కొత్త బొమ్మ కొనాలంటే నా ఓటు వీటికే. చిన్నది కొనండి, సర్దుకోవడం తేలిక.

సర్దేటప్పుడు ప్లాస్టిక్ కవర్లు వాడకండి, లోపల చెమ్మ పట్టేస్తుంది. పాత నూలు చీర ముక్కల్లో చుట్టి, చెప్పుల డబ్బాల్లో వచ్చే ఆ సిలికా జెల్ పొట్లాలు పెట్టెలో వేయండి. న్యూస్‌పేపరు ఇంకు పాత తెల్లరంగు మీద అంటుకుంటుంది, అదీ వద్దు. ఏ మెట్టు బొమ్మలు ఆ మెట్టువిగా మూటలు కట్టి చీటీ రాయండి. మీ అత్తగారి బుర్రలో ఉన్న వరస ఇప్పుడే ఫోటో తీసి పెట్టుకోండి, మెట్టు మెట్టుకీ.

మూడోమెట్టు (విశాఖపట్నం)
డిసెంబరు 10, ఉదయం 11:05

"మానేసినవాళ్ళు ఉన్నారా" అని అడిగారు కదా. మా అమ్మ మానేసింది. మొదటి ఏడు సంక్రాంతి ముందు ఫోన్లే ఫోన్లు, కంగారుగా పరామర్శలు. రెండో ఏడు ఇద్దరు ముగ్గురు అడిగారు. మూడో ఏడు ఎవరూ అడగలేదు. అదే అమ్మకి బాధ. ఇన్నేళ్ళు చేస్తే ఇంతేనా అని. మీ గ్రూపులో వాళ్ళు కూడా ఇంకో ఏడాదికి ఇంకెవరింటి హడావిడిలోనో పడిపోతారు. దానికి సిద్ధంగా ఉంటే మానేయడం పెద్ద కష్టం కాదు.

అమ్మ ఆఖరి ఏడు ఒక పని చేసింది. వచ్చిన ప్రతి పేరంటాలికీ తాంబూలంతో ఒక్కో బొమ్మ ఇచ్చేసింది. చెప్పుకోవడానికి బావుంటుంది గానీ ఇప్పుడు మా రాముడు సీతమ్మధారలో, సీత గాజువాకలో ఉన్నారు. సెట్లు విడగొట్టకండి. ఇవ్వాలంటే సెట్టు మొత్తం ఒక్క ఇంటికి, అది కూడా కొలువు పెట్టే ఇంటికి ఇవ్వండి.

చట్నీ_వీరుడు (బెంగళూరు)
డిసెంబరు 10, రాత్రి 9:30

ఈ థ్రెడ్ మా ఆవిడ చదివింది. "ఒక్క మెసేజ్, అయిపోయింది" అన్నది నేనేనని కనిపెట్టింది. ఈ సంక్రాంతికి మా ఇంట్లో భోగిపళ్ళ బాధ్యత మొత్తం నాకు అప్పగించారు. బెంగళూరులో రేగిపళ్ళు ఎక్కడ దొరుకుతాయో ఎవరైనా చెప్పగలరా?

పేరంటం_బ్యాచ్ (విజయవాడ)
డిసెంబరు 10, రాత్రి 9:41

మల్లేశ్వరం వైపు చూడు బాబూ. ఒక్క మెసేజ్ పెట్టు, అవే వస్తాయి.

గిఫ్టుల సంగతి మర్చిపోయాను. జర్మన్ సిల్వర్ భరిణెలు మా ఇంట్లోనే డజను ఉన్నాయి. ఎవరూ వాడరు, తరవాతి పేరంటానికి దాటిస్తారు. నేను పంచిన స్టీలు గిన్నె ఒకటి ఊరంతా తిరిగి మళ్ళీ నా తాంబూలంలోకే వచ్చింది. అడుగున మా ఇంటిపేరు, తేదీ చెక్కించి ఉన్నాయి. ఇచ్చినావిడ చూసుకోలేదు పాపం.

అటకమీది_పెట్టె (కూకట్‌పల్లి)
డిసెంబరు 21, రాత్రి 9:20

ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. ఏం జరిగిందో చెప్తాను.

ఆదివారం పెట్టెలు దింపించాం. పిన్నిగారు చెప్పినట్టే బ్రష్‌తో దులుపుతూ అడిగాను, ఈ ఏడు పేరంటం తగ్గిద్దామా అని. పెద్ద గొడవ అవుతుందనుకున్నాను. "తగ్గించు" అన్నారు. వెంటనే "కానీ అయిదో ఫ్లోరు ఆవిణ్ణి పిలవకుండా ఎలా, మీ మామగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు క్యారేజీ పంపింది" అన్నారు. సరేనన్నాను. "ఆ సీ బ్లాకు ముసలావిణ్ణి కూడా, పాట బాగా పాడుతుంది." సరే. "ఆ కొత్తగా వచ్చిన పిల్ల కడుపుతో ఉంది, దాన్ని పిలవాలి." ఇలా ఒక్కొక్కరినీ కలుపుకుంటూ పోతే లిస్టు పదిహేడుకి వచ్చి ఆగింది. ఈ పదిహేడు మందిలో ఒక్కరూ పోయినేడు గిఫ్టు బావుందో లేదో మాట్లాడినవాళ్ళు కారు. ఆవిడ లోపలి గదిలోంచి అంతా వింటూనే ఉన్నారన్నమాట.

తలుపు సంగతి కూడా అడిగాను. "నన్ను చూసి వాళ్ళు ఇబ్బంది పడతారు, వాళ్ళని చూసి నేను పడతాను, ఎందుకొచ్చింది" అన్నారు. ఈ పదిహేడు మంది ఇబ్బంది పడరు కదా అన్నాను. ఏమీ అనలేదు. శెట్టిగారి గంపలోకి పెసలు కొత్తవి తెమ్మన్నారు. నేను మళ్ళీ కదపలేదు.

మూడు మెట్లే పెడుతున్నాం. తాంబూలం శనగలు, పండు, ఒక జాకెట్టు ముక్క. వంట లేదు. అయిదు నుంచి ఏడు వరకు. భోగిపళ్ళు మాత్రం క్లబ్‌హౌస్‌లో, సొసైటీ కమిటీ వాళ్ళతో మాట్లాడి ఆ రోజు పిల్లలందరికీ కలిపి పెట్టించాను. ఖర్చు సొసైటీది, నేను పళ్ళు తెస్తానని ఒప్పుకున్నాను. మావాడికి మేడ మీద వాళ్ళ ఫ్రెండు ఇల్లు.

గ్రూపులో ఇలా పెట్టాను: "ఈ ఏడు మా ఇంట్లో కొలువు చిన్నగా పెట్టుకుంటున్నాం. భోగిపళ్ళకి క్లబ్‌హౌస్‌కి అందరూ రండి. కొలువు చూడాలనుకున్నవాళ్ళు కనుమ నాడు పగలు ఎప్పుడైనా వచ్చి చూసి వెళ్ళండి." కారణాలు ఏమీ రాయలేదు. కింది ఫ్లోరావిడ నుంచి రెండు రోజులు మౌనం. నిన్న లిఫ్టులో "మీరు చేయనంటే మరి ఈసారి నేను పెడదామా అనుకుంటున్నా, దసరాకి" అన్నారు. పెట్టండి, మొదటి బొమ్మ నేనిస్తాను అన్నాను.

ఫ్రిస్కో_పిన్ని (డాలస్)
డిసెంబరు 21, రాత్రి 10:02

కనుమ పగలు చూడ్డానికి వచ్చేవాళ్ళకి కాఫీ పెట్టకండి. నిజంగా చెప్తున్నాను. కాఫీతోనే మళ్ళీ మొదలవుతుంది.

గోదారిగట్టు (రాజమహేంద్రవరం)
డిసెంబరు 22, ఉదయం 8:15

శనగలు ముందు రోజు రాత్రే నానబెట్టు. నీళ్ళు మార్చు, లేకపోతే మర్నాడు సాయంత్రానికి వాసనొస్తాయి. పదిహేడు మందికి రెండు కిలోలు చాలు, భోగిపళ్ళకి విడిగా చూసుకో. మీ అత్తగార్ని అడిగానని చెప్పు.

అటకమీది_పెట్టె (కూకట్‌పల్లి)
డిసెంబరు 22, ఉదయం 9:40

తప్పకుండా పిన్నిగారూ. క్లబ్‌హౌస్‌కి నలభై మంది దాకా పిల్లలు వస్తారంటున్నారు. రేగిపళ్ళు ఎక్కడ చవక?

మానేరు_ఒడ్డు (కరీంనగర్)
డిసెంబరు 22, ఉదయం 10:05

మా చెల్లె మీ దగ్గరే ఉంటుంది. భోగి ముందు రోజు పొద్దున్నే కూకట్‌పల్లి రైతుబజారుకు పొమ్మంటోంది, ఎనిమిది దాటితే మంచివి ఉండవట. బంతిపూలు మాత్రం గుడిమల్కాపూర్‌లోనే తీసుకోండి. చెరుకు అక్కడే చిన్న ముక్కలు కొట్టించుకోండి, ఇంటికొచ్చి కొట్టాలంటే మీ తరం కాదు. గట్టి రేగుకాయలు వద్దు, పండినవే చూసి తీసుకోండి, పిల్లల నెత్తిన పోసేవి కదా.